అమెరికాలో అథ్లెటిక్ ట్రైనింగ్ మాస్టర్స్‌కు దరఖాస్తు చేయడం ఎలా?

అథ్లెటిక్ ట్రైనర్ అంటే జిమ్‌లో బరువులెత్తించే శిక్షకుడు కాదు. మైదానంలో పడిపోయిన ఆటగాడి దగ్గరికి ముందుగా పరుగెత్తేది, దెబ్బ తలకా మెడకా అని చూసేది, అతను మళ్లీ ఆడేదాకా వెంట ఉండేది అథ్లెటిక్ ట్రైనరే. ఈ తేడా తెలియకుండానే దరఖాస్తు నింపేవాళ్లను ఏటా చూస్తున్నాను.

కావలసినవి: డిగ్రీ, మార్కుల పత్రాలు, ఇంగ్లిషు పరీక్ష స్కోరు, సిఫారసు లేఖలు. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం, సైకాలజీ, అనాటమీ, ఫిజియాలజీ చదివి ఉండాలి. ఫిజియోథెరపీ చేసినవాళ్లు కెమిస్ట్రీ దగ్గర ఆగిపోతుంటారు. ఇంటర్ బైపీసీలో చదివాం కదా అనుకోకండి, అడిగేది డిగ్రీ స్థాయి కోర్సు.

ఇక అసలు చిక్కు, ప్రోగ్రాం ఎంపిక. ఇక్కడ నిదానించండి. సర్టిఫికేషన్ ఇచ్చేది బీఓసీ అనే బోర్డు. అథ్లెటిక్ ట్రైనింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ సీఏఏటీఈ. దాని గుర్తింపు ఉన్న ప్రోగ్రాంలో చదివితేనే ఆ బోర్డు పరీక్షకు అర్హత వస్తుంది. 2022 తర్వాత బ్యాచిలర్స్ స్థాయిలో కొత్తవారిని చేర్చుకోవడం ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దారి మాస్టర్స్ ఒక్కటే.

కైనీసియాలజీ (శరీర కదలికల శాస్త్రం), ఎక్సర్‌సైజ్ సైన్స్ డిగ్రీలు మంచివే, కానీ వాటితో ఈ పరీక్ష రాయలేరు. నాకు తెలిసిన ఒక అమ్మాయి కన్సల్టెన్సీ మాట నమ్మి అలాంటి దాంట్లో చేరింది. రెండేళ్లు, అప్పు చేసి తెచ్చిన ఫీజు పోయాక గాని సంగతి తెలియలేదు. పేరులో ‘అథ్లెటిక్ ట్రైనింగ్’ ఉన్నా సరిపోదు. ఇప్పటికే సర్టిఫికేషన్ ఉన్నవారి కోసం నడిపే పై కోర్సులూ అదే పేరుతో ఉంటాయి. మీకు కావలసింది ‘ప్రొఫెషనల్’ ప్రోగ్రాం, ‘పోస్ట్ ప్రొఫెషనల్’ కాదు.

విశ్వవిద్యాలయం ప్రకటన చూసి తేల్చుకోవద్దు. సీఏఏటీఈ వెబ్‌సైటులోని జాబితాలో పేరు వెతకండి. గుర్తింపు సజావుగా ఉందా, లోపాల వల్ల ప్రొబేషన్‌లో పెట్టారా, ప్రోగ్రాంను మూసేస్తున్నారా అన్నది చూడండి. బీఓసీ పరీక్షలో తొలి ప్రయత్నంలోనే నెగ్గినవారి మూడేళ్ల శాతాన్ని ప్రోగ్రాములు బయటపెట్టాలి. సీఏఏటీఈ కనీసంగా అడిగేది 70. నేనైతే 85కి తక్కువున్న చోటికి ఎవరినీ పంపను. ర్యాంకులు పట్టుకుని తిరిగేవాళ్లు ఈ ఒక్క అంకె చూస్తే చాలు.

నిబంధనేమీ లేదు గాని, నా సలహా మాత్రం నాలుగు చోట్లకు మించి దరఖాస్తు చేయవద్దనే. చాలా ప్రోగ్రాములు ఏటీకాస్ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారానే తీసుకుంటాయి. వ్యాసాన్ని ‘చిన్నప్పటి నుంచి క్రికెట్ అంటే ప్రాణం’ అని మొదలుపెట్టవద్దు. మీరు దగ్గరుండి చూసిన ఒక్క గాయం గురించి, అప్పుడు మీరు ఏం గమనించారో రాయండి.

చదువు చివరి సెమిస్టరులోనే బీఓసీ పరీక్షకు దరఖాస్తు పెట్టుకోండి. నెగ్గాక చాలా రాష్ట్రాల్లో విడిగా లైసెన్సు తీసుకోవాలి. అది చేతికి రాకముందే ఉద్యోగంలో చేరే తేదీకి ఒప్పుకోకండి.