నెల పాస్‌లో సగం: రోజూ రైల్లో పనికి వెళ్లే దివ్యాంగులు దరఖాస్తు చేసుకునే విధానం

అనంతపురం నుంచి గుంతకల్లుకో ధర్మవరానికో, కడప నుంచి యర్రగుంట్లకో రోజూ రైలెక్కి పనికి వెళ్లే దివ్యాంగులకు రైల్వే ఇచ్చే సాయం ఒకటుంది. నెల పాస్, మూడు నెలల పాస్ రెండింటిలోనూ సగం ధర తగ్గుతుంది. తోడుగా వచ్చే ఒకరికీ అంతే. దూర ప్రయాణాల టికెట్లకు రాయితీ ఉందని తెలిసినవాళ్లు కూడా పాస్ దగ్గరికొచ్చేసరికి పూర్తి డబ్బు కట్టేస్తుంటారు. నెలనెలా జీతంలోంచి పోయే డబ్బు కాబట్టి అసలు ముందు అడగాల్సింది దీని గురించే.

అయితే చేతిలో సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) ఉన్నంత మాత్రాన ఈ రాయితీ రాదు. వైకల్యం 40 శాతం ఉంటే చాలనుకుని వెళ్తే కౌంటర్ దగ్గర నిరాశే. రైల్వే లెక్క వేరు. కాళ్లు, చేతుల వైకల్యం ఉన్నవాళ్లలోనూ, మానసిక వైకల్యం ఉన్నవాళ్లలోనూ తోడు లేకుండా ప్రయాణం చేయలేనివాళ్లకే ఇస్తారు. చూపు పూర్తిగా లేనివాళ్లకు, వినికిడి, మాట రెండూ లేనివాళ్లకు ఒంటరిగా వెళ్లినా వర్తిస్తుంది.

అందుకే రైల్వే కన్సెషన్ (రాయితీ) ఫారం మీద డాక్టర్ సంతకమే ఇక్కడ ప్రాణం. ఫారం నింపుకుని, సదరం సర్టిఫికెట్ పట్టుకుని ప్రభుత్వ ఆసుపత్రిలో మీ వైకల్యానికి సంబంధించిన డాక్టర్‌ను కలవండి. సంతకం, ముద్ర సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. మీకు వర్తించని మాటలను కొట్టేయించాలి. డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్, ఆసుపత్రి ముద్ర స్పష్టంగా కనిపించాలి. దిద్దుబాట్లు ఉంటే ఒప్పుకోరు. అక్కడే నిలబడి ఒకటికి రెండుసార్లు చూసుకోండి; కర్రల మీద నడిచే మనిషిని ఒక ముద్ర కోసం మళ్లీ ఆసుపత్రికి తిప్పడం చాలా అన్యాయం. శాశ్వత వైకల్యమైతే ఈ ఫారం 25 ఏళ్ల లోపు వారికి 5 ఏళ్లు, 26 నుంచి 35 ఏళ్ల వారికి 10 ఏళ్లు, ఆపై వయసు వారికి జీవితాంతం చెల్లుతుంది.

ఆ తర్వాతిది సులువే. రైల్వే ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు కోసం, దాని వెబ్‌సైట్‌లో మొబైల్ నంబర్‌తో రిజిస్టర్ అయ్యి కన్సెషన్ ఫారం, వైకల్య సర్టిఫికెట్, ఆధార్, పుట్టిన తేదీ రుజువు, ఫొటో అప్‌లోడ్ చేయాలి. స్కాన్ మసకగా ఉంటే పంపొద్దు. పేరు అన్ని కాగితాల్లోనూ ఒకేలా ఉండాలి. రైల్వేవాళ్లు ఫారం నిజమైనదేనా అని ఆసుపత్రిని అడిగి చూసుకుంటారు కాబట్టి కొంత ఆలస్యం కావచ్చు, టెన్షన్ పడకండి.

పాస్ 150 కిలోమీటర్ల దూరం వరకే ఇస్తారు. రైల్లో ఒరిజినల్ కాగితాలు దగ్గరుంచుకోండి. తోడు మనిషి రాయితీ, ఆ మనిషి మీ వెంట ప్రయాణిస్తున్నప్పుడే చెల్లుతుంది.

రైలు దారి లేని ఊళ్లవాళ్లకు ఆంధ్రప్రదేశ్ విభిన్న ప్రతిభావంతుల సహకార సంస్థ ఉచితంగా ఇచ్చే మూడు చక్రాల మోటారు వాహనం ఎక్కువ ఉపయోగం. 2025 నోటిఫికేషన్‌లో 70 శాతం పైబడిన శారీరక వైకల్యం, 18 నుంచి 45 ఏళ్ల వయసు, డ్రైవింగ్ లైసెన్స్ అడిగారు. నోటిఫికేషన్ పడ్డాక గడువు తక్కువే ఉంటుంది. లైసెన్స్ పని ఇప్పుడే మొదలుపెట్టండి.