షికాగో సిటీనా, నేపర్‌విల్లా: కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి ఏడాది ఇంటి లెక్క

షికాగోలో ఉద్యోగం అనగానే తెలిసినవాళ్లు చెప్పే మాట దాదాపు ఒకటే: "నేపర్‌విల్ గానీ ఆరోరా గానీ చూసుకోండి, మనవాళ్లంతా అక్కడే." షికాగోకి పడమరనున్న ఈ రెండు సబర్బుల (శివారు ఊళ్ల) గురించి ఆ మాట అబద్ధమేమీ కాదు. ఆరోరాలో వేంకటేశ్వరస్వామి గుడి 1980ల నుంచి ఉంది, రూట్ 59 పొడవునా మన సరుకుల కొట్లున్నాయి, స్కూళ్లు బాగుంటాయి. కాకపోతే ఆ సలహా ఇస్తున్నవాళ్ల ఇంట్లో రెండు కార్లుంటాయి, చలికాలాలు పది చూసి ఉంటారు. మీరు దిగేసరికి ఆ రెండూ ఉండవు.

అందుకే అద్దె పోల్చే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. పగలు ఇంట్లో ఎవరుంటారు? వాళ్లు ఎవరినీ అడక్కుండా బయటికెళ్లి పాలు, ఉల్లిపాయలు తెచ్చుకోగలరా? హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద వచ్చిన భార్యో భర్తో, చంటిబిడ్డతో ఉన్న తల్లో ఉంటే ఇల్లెక్కడన్నది ఈ ప్రశ్నే తేలుస్తుంది. సబర్బులో కారు లేని మనిషికి జనవరి అంటే నాలుగు గోడలే. ఒక్కరే వచ్చి లూప్‌లో (డౌన్‌టౌన్ నడిబొడ్డున) ఆఫీసుకు వెళ్లేవాళ్లు మొదటి ఏడాది సిటీలో ఉండటమే మంచిది. బడి ఈడు పిల్లలుంటే సబర్బు మేలు, అయితే లైసెన్సు, కారు వెంటనే ఏర్పాటు చేసుకోగలిగితేనే.

ప్రయాణం: మైళ్లు కాదు, గడప నుంచి గడప

నేపర్‌విల్ స్టేషన్ నుంచి డౌన్‌టౌన్‌లోని యూనియన్ స్టేషన్‌కి 28 మైళ్లు, ఆరోరా నుంచి 37. రైళ్లు నడిపేది మెట్రా అనే సబర్బు రైళ్ల సంస్థ, లైను పేరు బీఎన్ఎస్ఎఫ్. ఆఫీసు వేళల్లో ఎక్స్‌ప్రెస్ దొరికితే నేపర్‌విల్ నుంచి 40 నిమిషాలు అటూఇటూ, అన్ని స్టేషన్లలో ఆగే రైలైతే గంట దాకా. ఇళ్ల ప్రకటనల్లో కనిపించేది ఈ 40 నిమిషాలే. అసలు లెక్క ఇలా ఉంటుంది: ఇంటి నుంచి స్టేషన్‌కి 15, ప్లాట్‌ఫాం మీద 5, రైల్లో 45, యూనియన్ స్టేషన్ నుంచి ఆఫీసుకు నడక 15. మొత్తం 80 నిమిషాలు, రానూపోనూ రెండు గంటల నలభై. ఆ చివరి 15 నిమిషాలు నది వంతెన మీదుగా నడవాలి. ఫిబ్రవరిలో ఆ గాలి ముఖానికి కొడితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

వారానికి రెండు రోజులే ఆఫీసుకు వెళ్లేవాళ్లకు ఇదేమంత కష్టం కాదు. ఐదు రోజులూ వెళ్లాలంటే మాత్రం స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే ఇల్లే చూసుకోండి. కారులో వెళ్లి స్టేషన్‌లో పెట్టుకుందామంటే పార్కింగ్ నియమాలు ఊరికో రకం: కొన్నిచోట్ల రోజువారీ ఫీజు, కొన్నిచోట్ల పర్మిట్. లీజు మీద సంతకం పెట్టకముందే ఆ ఊరి వెబ్‌సైట్‌లో చూడండి. టికెట్ వెంట్రా యాప్‌లో కొని, రైలెక్కకముందే యాక్టివేట్ చేయాలి. డబ్బు కట్టినా యాక్టివేట్ చేయని టికెట్ చెల్లదు. శని, ఆదివారాల్లో రైళ్లు తక్కువ, ఒకటి తప్పితే తర్వాతిదాని కోసం చాలాసేపు కూర్చోవాలి.

సిటీలో తిరిగే సీటీఏ రైళ్లు, బస్సులు వేరే సంస్థవి. రెడ్ లైను, బ్లూ లైను 24 గంటలూ నడుస్తాయి. బ్లూ లైను నేరుగా ఓహేర్ ఎయిర్‌పోర్టు లోపలికే వెళ్తుంది. రెడ్ లైనులో లొయోలా స్టేషన్లో దిగి 155 నంబరు బస్సెక్కితే డెవాన్ ఎవెన్యూ. గోంగూర, పప్పులు, పచ్చళ్లు, సోనా మసూరి అన్నీ అక్కడ దొరుకుతాయి. 20 పౌండ్ల బియ్యం బస్తా బస్సులో మోయడం కష్టమే, రెండు చక్రాల సరుకుల బండి ఒకటి కొనుక్కోండి.

లీజులో ముందు చదవాల్సినవి

కొత్తగా వచ్చినవాళ్లకు క్రెడిట్ హిస్టరీ (ఇక్కడ అప్పులు, బిల్లులు కట్టిన చరిత్ర) ఉండదు, సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఇంకా వచ్చి ఉండదు. ఆఫర్ లెటరు, పాస్‌పోర్టు, వీసా, బ్యాంకు స్టేట్‌మెంటు చూపిస్తే చాలా కాంప్లెక్సులు ఒప్పుకుంటాయి, కొన్ని అదనపు డిపాజిట్ అడుగుతాయి. ఇల్లు చూడకుండా, తాళం చేతికి రాకుండా ఎవరికీ జెల్‌లో (Zelle, ఫోన్‌లో డబ్బు పంపే సేవ) డబ్బు పంపొద్దు. ఫొటోలు బాగుండి, అద్దె చుట్టుపక్కల ఇళ్లకంటే బాగా తక్కువై, ఓనరు "ఊళ్లో లేను" అంటే అది మోసమే అనుకోండి. మొదటి రెండు వారాలకు తాత్కాలికంగా గదో, తెలిసినవాళ్ల ఇల్లో చూసుకుని దిగాక వెతుక్కోవడం నయం.

షికాగో సిటీలో అద్దెదారులకు రక్షణగా ఒక ప్రత్యేక ఆర్డినెన్సు (సిటీ చట్టం) ఉంది. డిపాజిట్ తీసుకున్న ఓనరు దానికి వడ్డీ ఇవ్వాలి, ఖాళీ చేసిన 45 రోజుల్లో తిరిగివ్వాలి, కోత పెడితే దేనికెంతో 30 రోజుల్లో రాసివ్వాలి. తప్పితే ఓనరు మీద జరిమానా గట్టిగానే పడుతుంది. అందుకే చాలామంది డిపాజిట్ మానేసి, తిరిగిరాని మూవ్-ఇన్ ఫీజు తీసుకుంటున్నారు. ఓనరు అదే ఇంట్లో ఉంటూ, ఆ భవనంలో ఆరు లేక అంతకంటే తక్కువ వాటాలుంటే ఈ ఆర్డినెన్సు వర్తించదు.

హెచ్1బీ (వర్క్ వీసా) మీద వచ్చి క్లయింటు ఎప్పుడు మారతాడో తెలియనివాళ్లకు ఇదే ఆర్డినెన్సులో ఇంకో మేలుంది. మధ్యలో వెళ్లాల్సి వస్తే మీరు తెచ్చిన తగిన సబ్‌లీజుదారును (మీ బదులు ఆ ఇంట్లో అద్దెకుండే మనిషిని) ఓనరు ఒప్పుకోవాలి, దానికి అదనపు ఫీజు వేయకూడదు. నేపర్‌విల్, ఆరోరాలకు సిటీ ఆర్డినెన్సు వర్తించదు. మధ్యలో ఖాళీ చేయాలంటే అక్కడి పెద్ద కాంప్లెక్సుల లీజుల్లో తరచుగా ఉండేది 60 రోజుల నోటీసు, దాని మీద రెండు నెలల అద్దె. లీజులో ఆ పేరా ఎక్కడుందో వెతికి, చదివి, అప్పుడే సంతకం పెట్టండి.

చలి విషయం. సిటీలో హీటింగ్ ఓనరు ఇచ్చే ఇల్లయితే సెప్టెంబర్ 15 నుంచి జూన్ 1 దాకా పగలు 68 డిగ్రీల ఫారెన్‌హీట్, రాత్రి 66 తగ్గకుండా చూడటం చట్టప్రకారం అతని బాధ్యత. మన లెక్కలో 20, 19 డిగ్రీలు. తగ్గితే సిటీ ఫిర్యాదుల నంబరు 311కి ఫోన్ చేయండి, ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. 2019 జనవరి 30న ఓహేర్‌లో మైనస్ 23 ఫారెన్‌హీట్ నమోదైంది, అంటే దాదాపు మైనస్ 31 సెల్సియస్. అలాంటి రోజున హీటర్ ఆగిపోతే అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. మొహమాటపడొద్దు.

వంటిల్లు కూడా చూసుకోండి. సిటీ అపార్టుమెంట్లలో స్టవ్ పైనుండే హుడ్ చాలాచోట్ల పొగను బయటికి పంపదు, వడకట్టి మళ్లీ గదిలోకే వదులుతుంది. పోపులో ఎండుమిర్చి మాడితే స్మోక్ అలారం మోగడం ఖాయం. నూనె వేడెక్కకముందే ఫ్యాన్ వేయండి, కిటికీ అంగుళం తెరవండి, పడకగది తలుపు మూయండి. పొగ పోవాలని బిల్డింగ్ కారిడార్ వైపు తలుపు మాత్రం తీయొద్దు. అక్కడి అలారం మోగితే మొత్తం బిల్డింగే ఖాళీ చేయాల్సి వస్తుంది, ఫైరింజన్ వస్తుంది. ఇల్లు చూసేటప్పుడే హుడ్ ఆన్ చేసి, గాలి ఎటు వస్తోందో చేయి పెట్టి చూడండి.

కారు: సిటీలో బరువు, సబర్బులో కాళ్లు

సిటీలో కారుంటే ఖర్చు ఇంటి అద్దెతో ఆగదు. డౌన్‌టౌన్ బిల్డింగుల్లో పార్కింగ్‌కి వేరే డబ్బు, నెలకు 200 డాలర్లకు పైమాటే. సిటీ నివాసి కారుకు సిటీ స్టిక్కర్ (సిటీకి బండి ఫీజు కట్టినట్టు రుజువు) తప్పనిసరి. డిసెంబర్ 1 నుంచి ఏప్రిల్ 1 దాకా కొన్ని ప్రధాన వీధుల్లో తెల్లవారుజామున 3 నుంచి 7 దాకా పార్కింగ్ నిషేధం. మంచు పడకపోయినా సరే, బండి లాక్కుపోతారు. "మంచు లేదు కదా" అని వదిలేసి కొత్తవాళ్లు నష్టపోయేది ఇక్కడే. ఎరుపు లైటు కెమెరాకు దొరికితే 100 డాలర్లు. సిటీలో ఉన్నంతకాలం కారు లేకుండానే గడుపుకోండి, అవసరమైన శనివారం అద్దెకు తీసుకోండి.

సబర్బుకు వెళ్తున్నారా, అయితే దిగిన వారంలోనే లైసెన్సు పని మొదలుపెట్టండి, ఇంట్లో ఇద్దరికీ. ఒక్కరికే చేయిస్తే రెండోవారు ఇంట్లో ఇరుక్కుపోతారు. ఇలినాయ్‌లో డీఎంవీ అనే ఆఫీసు లేదు, లైసెన్సు ఇచ్చేది సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు. ఇండియా లైసెన్సున్నా కంటి పరీక్ష, రాతపరీక్ష, రోడ్డు పరీక్ష మూడూ ఇవ్వాలి. రాతపరీక్షలో 35 ప్రశ్నలు, 28 సరిగ్గా రాయాలి. రోడ్డు పరీక్షకు ఇన్సూరెన్సున్న కారు మీరే తెచ్చుకోవాలి. మనవాళ్లు తప్పేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, స్టాప్ గుర్తు దగ్గర చక్రం పూర్తిగా ఆపకుండా మెల్లగా దొర్లించేయడం. రెండు, లేన్ మారేటప్పుడు అద్దం చూసి ఊరుకోవడం. తల తిప్పి భుజం మీదుగా చూడాలి, పక్కన కూర్చున్న పరీక్షకుడికి మీరు చూసినట్టు కనిపించాలి.

నేపర్‌విల్ వీధుల్లో రాత్రి 2 నుంచి 5 దాకా బండి పెట్టకూడదు. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు గుర్తు పెట్టుకోండి. టోల్ రోడ్ల కోసం ఐపాస్ (మన ఫాస్టాగ్ లాంటిది) తీసుకోండి. చలికాలంలో గడ్డకట్టిన కారద్దం మీద వేడినీళ్లు పోయొద్దు, పగులుతుంది. ఇంజన్ వేసి, డిఫ్రాస్ట్ పెట్టి, గీకుడు బ్రష్షుతో తీయండి. కారు గరాజులో ఉంటే ఇంజన్ వేసే ముందే తలుపు పూర్తిగా తెరవండి, వేసిన వెంటనే కారు బయటికి తీయండి. మూసిన గరాజులో ఇంజన్ ఆన్‌లో ఉంచితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి చేరుతుంది.

స్కూలు కోసమే వెళ్తుంటే

ఊరి పేరు చూసి ఇల్లు తీసుకోవద్దు. నేపర్‌విల్ అడ్రసున్న ఇళ్లు కొన్ని 203 స్కూల్ డిస్ట్రిక్టులో (అక్కడి స్కూళ్లను నడిపే బోర్డు పరిధిలో), కొన్ని 204లో, కొన్ని ప్లెయిన్‌ఫీల్డ్ 202లో పడతాయి. ఆరోరా అడ్రసుతోనే 204లో ఉన్న ఇళ్లూ ఉన్నాయి, అదే ఆరోరాలో 129, 131 డిస్ట్రిక్టులూ ఉన్నాయి. డిస్ట్రిక్టు వెబ్‌సైట్‌లో ఇంటి నంబరుతో సహా కొట్టి, ఏ స్కూలో చూశాకే ముందుకెళ్లండి. అడ్మిషన్‌కి లీజు, కరెంటు బిల్లులాంటి రుజువులు అడుగుతారు. కిండర్‌గార్టెన్‌కి సెప్టెంబర్ 1 నాటికి ఐదేళ్లు నిండాలి. ఇండియాలో వేయించిన టీకాల కార్డు హ్యాండ్ బ్యాగులోనే తెచ్చుకోండి, ఇలినాయ్ హెల్త్ ఫారం డాక్టరు నింపేటప్పుడు అదే ఆధారం. కార్డు లేకపోతే కొన్ని టీకాలు మళ్లీ వేస్తామంటారు.

ఇల్లు కొనే ఆలోచన మొదటి ఏడాది పెట్టుకోవద్దు. ఇక్కడ ప్రాపర్టీ ట్యాక్సు ఎక్కువ, చాలా సబర్బుల్లో ఏటా ఇంటి విలువలో 2 శాతం పైనే పోతుంది. ఈఎంఐ చూసి సరిపోతుందనుకున్న ఇల్లు ట్యాక్సు కలిపేసరికి భారమవుతుంది.

డిసెంబర్‌లో సంక్రాంతికని ఊరెళ్తుంటే, టౌన్‌హౌస్ అయినా అపార్టుమెంటు అయినా హీటింగ్ ఆపేసి వెళ్లొద్దు. థర్మోస్టాట్ 60 ఫారెన్‌హీట్ దగ్గర ఉంచండి. సింకు కింది అల్మారా తలుపులు తెరిచిపెట్టండి, ఇంటి వెచ్చదనం పైపులకు తగలాలి. టౌన్‌హౌస్ అయితే నీళ్ల మెయిన్ వాల్వ్ కట్టేసి వెళ్లండి. గడ్డకట్టిన పైపు పగిలినప్పుడు ఏమీ తెలియదు, ఆ మంచు కరిగిన రోజున నీళ్లు ఇంట్లో పారతాయి. తాళం ఒకటి తెలిసినవాళ్లకిచ్చి, వారానికోసారి తలుపు తీసి చూడమనండి.