ఆక్స్‌ఫర్డ్‌కీ హార్వర్డ్‌కీ ఒకే ఫైలు పంపకండి: అప్లికేషన్లకు ముందు జాగ్రత్తలు

ఇంటర్ సెకండియర్ క్లాసులు మొదలయ్యాయి. పక్కన జేఈఈ కోచింగ్ నడుస్తోంది. ఈలోగా ఇంట్లో ఒక మాట వస్తుంది: "బ్రిటన్‌కీ అమెరికాకీ రెండింటికీ అప్లై చేసేద్దాం, ఎక్కడ సీటొస్తే అక్కడికి." అనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఒక దేశం కోసం తయారుచేసినదాన్ని అటూ ఇటూ సర్ది రెండో దేశానికి పంపితే రెండు చోట్లా దెబ్బ తింటాం. సీటిచ్చే మనుషులు వేరు, వాళ్లు వెతికేది వేరు.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో మీ పిల్లాణ్ణి ఎంపిక చేసేది రేపు వాడికి పాఠం చెప్పబోయే ట్యూటర్లే. వాడికి ఆ సబ్జెక్టు అంటే ఎంత ఆకలి ఉందన్నదే వాళ్లకు ముఖ్యం. అమెరికాలో ఆ పని అడ్మిషన్స్ ఆఫీసుది. వచ్చే ఏడాది క్యాంపస్‌లో ఎలాంటి పిల్లలు కలిసి ఉండాలన్నది అక్కడి ఆలోచన. అందుకే చదువుతో పాటు పిల్లాడి స్వభావం, ఇల్లు, ఊరు, క్లాసు బయట చేసే పనులు అన్నీ చూస్తారు.

ముందు బ్రిటన్ సంగతి. అక్కడి యూనివర్సిటీలకు ఒకే చోట అప్లై చేసే వ్యవస్థ పేరు యూకాస్. అందులో ఐదు కోర్సులకు అప్లై చేయవచ్చు, మెడిసిన్ అయితే నాలుగే. డిగ్రీకి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి రెండింటికీ ఒకే ఏడాది అప్లై చేయడం కుదరదు. ఆ సబ్జెక్టే ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే పర్సనల్ స్టేట్‌మెంట్ ఐదింటికీ ఒక్కటే వెళ్తుంది. ఒక చోట మ్యాథ్స్, ఇంకో చోట బిజినెస్ పెడితే చదివేవాళ్లకు "ఈ అబ్బాయికి ఏం కావాలో ఇంకా తెలీదు" అనిపిస్తుంది. 2026 ప్రవేశాల నుంచి ఈ స్టేట్‌మెంట్ మూడు ప్రశ్నలకు జవాబుల రూపంలోకి మారింది. అన్నీ కలిపి 4,000 అక్షరాలే, ఖాళీలతో సహా. సీనియర్లు ఇచ్చే పాత నమూనాలు పక్కన పెట్టేయండి.

ఈ రాతలోనే ఎక్కువమంది పొరబడతారు. పాల వ్యాపారం చేసే అమ్మమ్మ ఖాతా పుస్తకంలో లెక్కలు చూస్తూ పెరిగిన అమ్మాయి ఉందనుకుందాం. అమెరికా అప్లికేషన్‌తో పంపే వ్యాసానికి 650 పదాలు ఇస్తారు. అందులో ఆ పుస్తకం, చెరిగిపోయిన అంకెలు, బాకీ అడగడానికి మొహమాటపడే అమ్మమ్మ అన్నీ రావచ్చు, రావాలి కూడా. అదే కథ యూకాస్‌లో పెడితే చోటు దండగ. అక్కడ రాయాల్సింది ఆ లెక్కల నుంచి పుట్టిన ప్రశ్న గురించి: చక్రవడ్డీ ఎందుకలా పెరుగుతుంది, దానికోసం ఏం చదివింది, ఎక్కడ ఆగిపోయింది, ఇంకా ఏం అర్థం కాలేదు. కన్సల్టెన్సీ చేత రాయించొద్దు. యూకాస్‌కు పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. పైగా ఆక్స్‌ఫర్డ్ ఇంటర్వ్యూలో దాని మీదే ప్రశ్న రావచ్చు.

ఆ ఇంటర్వ్యూలు డిసెంబరులో ఉంటాయి. మన పిల్లల గురించి నాకు బాగా దిగులుగా ఉండేది ఇక్కడే. ఒక గ్రాఫ్ గీయమంటారు. మనవాడు తలొంచుకుని, జవాబు పూర్తిగా వచ్చేదాకా నోరు విప్పడు. ఏళ్ల తరబడి మనం నేర్పింది అదే కదా, సరైన ఆప్షన్ పెట్టి ముందుకెళ్లడం. ట్యూటర్‌కు కావాల్సింది ఆ దారిలో పడే అడుగులు: "సున్నా దగ్గర ఏమవుతుందో చూస్తాను, కాదు, ఇక్కడ తప్పు చేశాను" అని పైకి అనడం. ఇప్పటి నుంచే రోజూ ఓ పావుగంట ఎవరో ఒకరి ముందు బోర్డు మీద మాట్లాడుతూ లెక్క చేయించండి. లెక్కలు రాని అమ్మ ఎదురుగా కూర్చున్నా చాలు.

కోర్సును బట్టి ప్రవేశ పరీక్షలుంటాయి. చాలావాటికి రిజిస్ట్రేషన్ సెప్టెంబరులోనే ముగిసిపోతుంది. పరీక్ష రాయకపోతే మార్కులెన్ని ఉన్నా లాభం లేదు. స్టేట్ బోర్డు ఇంటర్ మార్కులు సరిపోతాయా, ఎ-లెవెల్స్ (బ్రిటన్‌లో మన ఇంటర్ లాంటి పరీక్షలు) లాంటివి అడుగుతారా అన్నది యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో మీరే చదువుకోండి, ఏజెంటు మాట మీద ఆధారపడొద్దు.

అమెరికాకు వేరే కాగితాలు కావాలి. తొమ్మిదో తరగతి నుంచి నాలుగేళ్ల మార్కులు అడుగుతారు. మన ఇళ్లలో టెన్త్ మెమో లామినేషన్ చేయించి బీరువాలో దాస్తాం, తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. పాత స్కూలుకు ఇప్పుడే వెళ్లి సంతకం, సీలుతో తీసుకోండి. సిఫారసు లేఖలు సాధారణంగా ఇద్దరు టీచర్లవి కావాలి. ఎంఐటీ అయితే ఒకటి మ్యాథ్స్ లేదా సైన్స్ లెక్చరర్‌ది, ఇంకొకటి భాషలు, సోషల్ లాంటివి చెప్పేవాళ్లది అడుగుతుంది. ఎంపీసీ పిల్లలు ఇంగ్లిష్ సార్‌తో రెండు మాటలు మాట్లాడేది ఇందుకైనా మొదలుపెట్టాలి. అమెరికా కాలేజీల ప్రవేశానికి రాసే శాట్ (లేదా దానికి బదులు ఏసీటీ) పరీక్ష కొన్ని చోట్ల మళ్లీ తప్పనిసరి అయింది, హార్వర్డ్, ఎంఐటీ వాటిలో ఉన్నాయి.

అమెరికాలో ఒకే ఒక్క కాలేజీకి ముందుగా అప్లై చేసి, సీటిస్తే చేరతామని మాటిచ్చే పద్ధతి ఎర్లీ డెసిషన్. దాని దగ్గర మాత్రం తొందరపడి సంతకం పెట్టొద్దు. విద్యార్థి, తల్లి లేదా తండ్రి, స్కూలు కౌన్సెలర్ ముగ్గురూ సంతకం చేసే ఒప్పందం అది. సీటొస్తే చేరాలి, బ్రిటన్ అప్లికేషన్లతో సహా మిగతావన్నీ వెనక్కి తీసుకోవాలి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌లలో ఉండేది ఎర్లీ యాక్షన్. అక్కడా ముందుగానే అప్లై చేస్తారు, కానీ చేరి తీరాలన్న కట్టుబాటు లేదు.

ఇక డబ్బు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్ విదేశీ విద్యార్థి సాయం అడిగాడని సీటు ఆపవు. స్టాన్‌ఫర్డ్ లాంటివి ఆ సంగతి లెక్కలోకి తీసుకుంటాయి. అయినా అవసరముంటే మొదటే అడగండి. అప్పుడు వద్దని టిక్ పెట్టి, సీటొచ్చాక అడుగుదామంటే చాలాచోట్ల కుదరదు. బ్రిటన్‌లో సీటుకు మీ ఆదాయంతో పనిలేదు, కానీ డిగ్రీకి వచ్చే స్కాలర్‌షిప్‌లు చాలా తక్కువ. వీసాకు మొదటి ఏడాది ఫీజు, ఖర్చుల డబ్బు 28 రోజులు వరుసగా ఖాతాలో ఉండాలి. అప్పు తెచ్చి వారం ముందు వేస్తే సరిపోదు.

ఇంటిపేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో మెమోలోనూ టెస్టు రిజిస్ట్రేషన్‌లోనూ అలాగే ఉందో లేదో ఇవాళే చూడండి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలకు గడువు అక్టోబరు 15, అక్కడి సాయంత్రం 6 గంటలు, అంటే మనకు రాత్రి 10:30. మీరు పంపితే చాలదు, టీచర్ రిఫరెన్స్ (సిఫారసు లేఖ) కూడా అప్పటికే చేరాలి. అందుకని మీ ఇంట్లో క్యాలెండర్ మీద అక్టోబరు 5 దగ్గర గీత గీసుకోండి.