ఎక్కబోయే విమానం కొత్తదా పాతదా, దాని ఇంజను ఏది: మీరే తేల్చుకోవడం ఎలా

2014లో తయారైన ఎయిర్‌బస్ ఏ320, 2024లో తయారైన ఏ320 పక్కపక్కన ఆగి ఉంటే దూరం నుంచి కవలల్లా కనబడతాయి. ముక్కు, కిటికీలు, తోక అన్నీ ఒకటే. తేడా ఉన్నది రెక్క కింద. కొత్తదానికి 'నియో' అన్న పేరు పెట్టింది కూడా కొత్త ఇంజను అన్న అర్థంలోనే. పాత ఇంజను కన్నా ఇది 15 శాతం దాకా తక్కువ ఇంధనం తాగుతుంది. చవక టికెట్ల మీద బతికే విమాన సంస్థకు అన్నిటికన్నా పెద్ద ఖర్చు ఇంధనమే. ఇండిగో 2023 జూన్‌లో పారిస్ ఎయిర్‌షోలో ఒక్క దెబ్బకు 500 విమానాలు ఆర్డరు చేసింది. ఆకాశ ఎయిర్ 2022 ఆగస్టులో మొదటి ఫ్లయిట్ నుంచీ బోయింగ్ వారి కొత్త ఇంజను రకం 737 మాక్స్‌లే నడుపుతోంది. రెండింటి వెనకా ఉన్న లెక్క ఈ ఇంధనందే.

అయితే ఈ కొత్త ఇంజన్లు తాగేది తక్కువే గానీ, రిపేరు షెడ్డుకు వెళ్ళేది ఎక్కువ. మీ ఫ్లయిట్ టైమింగ్ మారిందన్నా, కొత్త విమానం వస్తుందనుకున్న చోట పదేళ్ళ నాటిది వచ్చిందన్నా కారణం చాలాసార్లు ఇంజను దగ్గరే తేలుతుంది. అందుకే విమానం రంగు చూసి కాకుండా ఇంజను చూసి గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

టికెట్ కొనేటప్పుడు

ట్రావెల్ ఏజెంటు తెర మీద, కొన్ని బుకింగ్ సైట్లలో ఫ్లయిట్ నంబరు పక్కన మూడక్షరాల కోడ్ ఉంటుంది. '320' అంటే ఏ320, '32ఎన్' అంటే ఏ320 నియో, '32క్యూ' అంటే దానికన్నా పొడవైన ఏ321 నియో. బోయింగ్ అయితే '738', '73హెచ్' రెండూ పాత 737-800, '7ఎం8' మాక్స్ 8. 'ఏటీ7' కనబడితే ఏటీఆర్ 72. కడప లాంటి చిన్న ఎయిర్‌పోర్టులకు వెళ్ళే ప్రొపెల్లర్ విమానం అదే, దానికి ఈ లెక్కలేవీ వర్తించవు.

కోడ్‌లో 'ఎన్' గానీ 'క్యూ' గానీ కనబడితే నమ్మండి. కనబడకపోతే మాత్రం పాతదని తేల్చెయ్యొద్దు, కొన్ని సంస్థలు అన్నిటికీ '320' అనే ఎక్కించేస్తాయి. ఇండిగోలో సీటు మ్యాపు చూడటం కూడా పనికొస్తుంది. 31 వరసలుంటే 186 సీట్ల ఏ320, అంటే దాదాపుగా నియోనే. వరసలు 37 దాకానో ఇంకా పైకో వెళితే ఏ321. ఇండిగో సొంత ఏ321లన్నీ నియోలే. 30 వరసలే ఉంటే మ్యాపును బట్టి ఏమీ చెప్పలేం.

ప్రయాణం రోజున

ఏ ఫ్లయిట్‌కు ఏ విమానం వెళ్తుందన్నది మామూలుగా కొన్ని గంటల ముందు గానీ ఖాయం కాదు. ఫ్లైట్‌రాడార్24 యాప్‌లో ఫ్లయిట్ నంబరు కొట్టండి. రెండు సంగతులు చూడాలి: విమానం రకం, రిజిస్ట్రేషన్. ఇక్కడ కోడ్ నాలుగక్షరాలది. 'ఏ20ఎన్', 'ఏ21ఎన్' అంటే నియోలు, 'బి38ఎం' అంటే మాక్స్ 8, 'బి738' పాత 800. ఉత్త 'ఏ320' అని ఉంటే అది పాత ఇంజనుదే. టికెట్ కోడ్‌లాగా కాదు, ఇది విమానాన్ని బట్టి వస్తుంది కాబట్టి గట్టిగా నమ్మొచ్చు.

రిజిస్ట్రేషన్ అంటే విమానం నంబరు ప్లేటు. మన దేశంలో నమోదైన ప్రతి విమానానికీ 'వీటీ'తో మొదలవుతుంది. దాన్ని కాపీ చేసి ప్లేన్‌స్పాటర్స్ సైటులో వెతికితే విమానం మొదటిసారి ఎగిరిన తేదీ, ఇంజను రకం, ఇంతకుముందు ఎవరి దగ్గర ఉందీ వస్తాయి. ఇక్కడ సంస్థకు అందిన తేదీ చూసి ఆగిపోవద్దు, మొదట ఎగిరిన తేదీ చూడండి. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌కు 2023 నుంచి వచ్చిన మాక్స్ 8లలో చాలావరకు వేరే దేశాల సంస్థల కోసం కట్టి, వాళ్ళు తీసుకోకపోవడంతో బోయింగ్ దగ్గరే ఉండిపోయినవి. అందిన తేదీ కొత్తది, పుట్టిన తేదీ దానికి ముందుది.

రిజిస్ట్రేషన్ 'టీసీ'తోనో 'ఎల్‌ఎన్'తోనో మొదలైతే అది టర్కీ, నార్వేల నుంచి సిబ్బందితో సహా అద్దెకు తెచ్చిన విమానం.

మెట్ల దగ్గర, కంటితో

బస్సులో తీసుకెళ్ళి మెట్లెక్కించే ఫ్లయిటయితే మీ అదృష్టం, ఇంజను దగ్గరగా కనబడుతుంది. ఏరోబ్రిడ్జి అయితే టెర్మినల్ అద్దంలోంచి చూసుకోవాలి. విమానాల మధ్య నిలబడి ఫోటోలు తీస్తుంటే సెక్యూరిటీ వాళ్ళు ఒప్పుకోరు. విశాఖ ఎయిర్‌పోర్టు నేవీ వారి ఐఎన్ఎస్ డేగాలో ఉంది, అక్కడ ఫోన్ జేబులోంచి తీయకపోవడమే మంచిది. రిజిస్ట్రేషన్ వెనక భాగంలో పక్కన రాసి ఉంటుంది, చివరి అక్షరాలు చాలా విమానాల్లో ముందు చక్రం తలుపు మీద కూడా ఉంటాయి. అది గుర్తుంచుకుంటే చాలు.

రెక్క కొసన నిలువుగా లేచిన షార్క్‌లెట్ చూసి నియో అనుకోవడం అందరూ చేసే పొరపాటు. షార్క్‌లెట్లు 2012 చివరి నుంచే పాత ఇంజను ఏ320లకూ వచ్చాయి. అది లేకపోతే కచ్చితంగా పాతదే, ఉంటే మాత్రం ఏమీ తేలదు.

ఇంజను వెనక కొస చూడండి. ఇండిగో పాత ఏ320లలో ఎక్కువవాటికి ఉన్నది వీ2500 ఇంజను. దాని తొడుగు ముందు నుంచి వెనక దాకా ఒకే పొడవాటి గొట్టం. నియో ఇంజనుకు బయటి తొడుగు మధ్యలో ఆగిపోయి, లోపలి సన్నని భాగం వెనక్కి పొడుచుకొచ్చి ఉంటుంది. ఇండిగో వరకు మామూలుగా ఇదొక్కటే చాలు. పాత ఎయిర్‌ఏషియా ఇండియా నుంచి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో కలిసిన ఏ320లలో సీఎఫ్ఎం56 ఇంజన్లున్నవి ఉన్నాయి, వాటికీ లోపలి భాగం బయటికే ఉంటుంది. అక్కడ ముందు నుంచి చూడాలి: సీఎఫ్ఎం56 ఫ్యాన్ బ్లేడ్లు సన్నగా, కిక్కిరిసి 36 ఉంటాయి, వాటి మధ్యలో కంకణంలా ఒక వలయం కనబడుతుంది. నియో బ్లేడ్లు వెడల్పుగా, కొడవలిలా వంపు తిరిగి ఉంటాయి, వలయం ఉండదు.

ఇక నియోలో ఉన్నది ఏ ఇంజను? రెండు రకాలు: ప్రాట్ అండ్ విట్నీ వారి పీడబ్ల్యూ1100జీ, సీఎఫ్ఎం వారి లీప్-1ఏ. తేల్చేది బ్లేడ్ల లెక్క. లీప్‌కు 18, ప్రాట్‌కు 20. తిరగని ఫ్యాన్‌లో పై నుంచి కిందికి ఒక గీత ఊహించుకుని ఒక సగమే లెక్కపెట్టండి. 9 వస్తే లీప్, 10 వస్తే ప్రాట్. సగంలోనే 18 వచ్చిందంటే అది సీఎఫ్ఎం56. గాలికి ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంటే లెక్క తప్పుతుంది, ఫ్యాన్ నడిమి మూత మీది తెలుపు సుడిగీత మొదలైన చోటి బ్లేడును గుర్తు పెట్టుకుని ఒక చుట్టు లెక్కించాలి.

బోయింగ్ దగ్గర పని సులువు. ఇంజను తొడుగు వెనక అంచు రంపపు పళ్ళలా ఉంటే మాక్స్, నున్నగా ఉంటే పాత 800. రెండుగా చీలిన రెక్క కొసల్ని నమ్మొద్దు, కొన్ని 800లకూ అవి తగిలించారు. మాక్స్‌లకు ఇంజను ఒకటే రకం, లీప్-1బీ, దానికీ 18 బ్లేడ్లే. ఆకాశ ఎయిర్ విమానాల్లో కొన్నిటికి రెక్క వెనక అదనంగా ఒక తలుపు కనబడుతుంది. అవి సీట్లు ఎక్కువ పట్టేలా చేసిన మాక్స్ 8-200 రకం.

లోపల కూర్చున్నాక

నీలం లైట్లు, కొత్త సీట్లు ఏమీ చెప్పవు. పాత విమానంలో కొత్త సీట్లు పెట్టొచ్చు, చివరి బ్యాచి 800లకూ నీలం లైట్లున్నాయి. చెవితో వినండి.

పుష్‌బ్యాక్ (విమానాన్ని గేటు నుంచి వెనక్కి నెట్టడం) అయ్యాక ఇంజను స్టార్టు చేయడానికి నియోలో, మాక్స్‌లో పాతవాటికన్నా ఎక్కువ సేపు పడుతుంది. విమానం దిగి, అరగంటలో మళ్ళీ బయలుదేరుతుంది కదా. ఆ అరగంటలో ఆగిపోయిన ఇంజనులో వేడిగాలి పైకి చేరుతుంది. దాంతో లోపలి ఇరుసు పై భాగం వేడిగా, కింది భాగం చల్లగా ఉండి, వెంట్రుక వాసి వంగుతుంది. అలాగే మంట పెట్టి వేగం పెంచితే బ్లేడ్ల కొసలు చుట్టూ ఉన్న గోడకు రాసుకుంటాయి. అందుకని ముందు మంట పెట్టకుండా ఉత్తగాలితో తిప్పి, ఇరుసు వేడి సమం చేసి, అప్పుడు ఇంధనం వదులుతారు. స్టార్టుకు కావలసిన గాలి తోకలోని చిన్న ఇంజను నుంచి వస్తుంది. అదే గాలితో నడిచే ఏసీ అంతసేపూ ఆగుతుంది. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం ఫ్లయిట్ ఎక్కితే ఈ రెండు మూడు నిమిషాలు చెమట పట్టడం ఖాయం. అది లోపం కాదు, కంగారు పడొద్దు. చంటిపిల్లలతో వెళ్ళేవాళ్ళు ఒక విసనకర్ర దగ్గర పెట్టుకోండి.

దిగేటప్పుడు ఇంజను వేగం తగ్గినప్పుడు, దీర్ఘంగా మూలుగులా ఒక శబ్దం వస్తే అది చాలావరకు ప్రాట్ ఇంజను. నేల మీద కుక్క మొరిగినట్టు, రంపం కోసినట్టు వచ్చే చప్పుడు మాత్రం ఏ ఏ320లోనైనా వస్తుంది. అది హైడ్రాలిక్ పంపు.

ఈ ఇంజన్లు షెడ్డుకు ఎందుకెళ్తాయి

ఇంధనం మిగలాలంటే రెండు చేయాలి: ఫ్యాన్ పెద్దది కావాలి, లోపలి మంట ఇంకా వేడిగా మండాలి. ప్రాట్ ఫ్యాన్ వ్యాసం 206 సెంటీమీటర్లు, పాత వీ2500ది 161. ఇంత పెద్ద ఫ్యాన్, వెనక నుంచి దాన్ని తిప్పే టర్బైన్‌తో సమానంగా తిరిగితే బ్లేడు కొసలు ధ్వని వేగాన్ని మరీ దాటిపోతాయి. అందుకని ప్రాట్ వాళ్ళు మధ్యలో గేర్‌బాక్సు పెట్టారు, టర్బైన్ సుమారు మూడు చుట్లు తిరిగితే ఫ్యాన్ ఒక చుట్టు తిరుగుతుంది. గేర్ల మీదే అందరికీ అనుమానం ఉండేది, తీరా దెబ్బ కొట్టింది వేరేవి. 2018 మార్చిలో ఒక సీల్ లోపం వల్ల మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 11 విమానాల్ని ఆపించింది. 2019 నవంబరులో టర్బైన్ మూడో దశ బ్లేడ్లు మార్చమని ఇండిగోకు గడువు పెట్టింది.

అన్నిటికన్నా పెద్దది 2023 జులైలో బయటపడింది. లోపలి టర్బైన్ డిస్కుల్ని నికెల్ మిశ్రమ లోహపు పొడిని అదిమి తయారు చేస్తారు. 2015 చివరి నుంచి 2021 దాకా తయారైన పొడిలో కంటికి కనబడని మలినాలు కలిశాయి. అలాంటి డిస్కు అనుకున్న ఆయుష్షుకన్నా ముందే పగలొచ్చు. డిస్కు పగిలితే తొడుగు ఆపలేదు, కాబట్టి ఇంజను దించి, పూర్తిగా విప్పి, అల్ట్రాసౌండుతో పరీక్ష చేయక తప్పదు. ఒక్కో ఇంజను రెక్క నుంచి దిగి మళ్ళీ రెక్క ఎక్కడానికి 300 రోజుల దాకా పడుతుందని కంపెనీయే చెప్పింది. ఇండిగో విమానాలు డజన్ల కొద్దీ ఇంజన్లు లేకుండా నిలబడిపోయాయి. పాత ఏ320లు మళ్ళీ అద్దెకు రావడం, వెనక్కి ఇచ్చేయాల్సినవాటి లీజు పొడిగించడం అప్పుడు జరిగినవే. అంతకు ముందే, 2023 మే నెలలో గో ఫస్ట్ విమాన సంస్థ ఇదే రకం ఇంజన్లను కారణంగా చూపి మూతపడింది.

లీప్ బాధ వేరు. మంట వేడి పెరిగేకొద్దీ గాలిలోని దుమ్ము టర్బైన్ బ్లేడు మీద కరిగి అతుక్కుంటుంది. బ్లేడును చల్లబరిచే సన్నని రంధ్రాలు పూడుకుపోతాయి, పైపూత పెచ్చులూడుతుంది. ఎండ, దుమ్ము ఎక్కువున్న మన దగ్గరా గల్ఫ్‌లోనూ చల్లని దేశాలకన్నా ముందే ఇంజను దించాల్సి వస్తోంది. లీప్-1ఏ కోసం మార్చిన బ్లేడ్ల కిట్‌కు 2024 డిసెంబరులో ఆమోదం దొరికింది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు పక్కనే సఫ్రాన్ సంస్థ లీప్ ఇంజన్ల రిపేరు కేంద్రాన్ని 2025 నవంబరులో ప్రారంభించింది. ఇంజను సముద్రాలు దాటి వెళ్ళకుండా ఇక్కడే బాగుపడితే విమానం ఖాళీగా నిలబడే రోజులు తగ్గుతాయి.

ఇదంతా భద్రత గురించి భయపెట్టడానికి కాదు. అనుమానం ఉన్న ఇంజన్ని ముందే దించుతారు కాబట్టే ఇన్ని విమానాలు ఆగుతున్నాయి. మీకు పడే దెబ్బ టైము మీదా, సీటు మీదా.

విమానం మారితే

ముందు రోజు సాయంత్రం, మళ్ళీ బయలుదేరే ముందు ఒకసారి బోర్డింగ్ పాసులో సీటు నంబరు చూసుకోండి. ఏ321కు బదులు ఏ320 వస్తే 31 దాటిన వరసలే ఉండవు, అక్కడున్నవాళ్ళను సిస్టమ్ ఖాళీ ఉన్న చోటికి సర్దేస్తుంది. కుటుంబం విడిపోయేది ఇక్కడే. పిల్లలతో వెళ్ళేవాళ్ళు వీలైనంత వరకు 25వ వరసకు ముందే సీట్లు తీసుకోండి. కాళ్ళకు జాగా కోసం ఎమర్జెన్సీ ద్వారం దగ్గర డబ్బు కట్టి సీటు కొనుక్కుంటే, ఏ320లోనూ ఏ321లోనూ ఆ వరస నంబర్లు వేరు. విమానం మారాక మీ సీటు మామూలు వరసలో పడితే, ఆ డబ్బు వాపసు అడగండి. అడిగేటప్పుడు మొదటి బోర్డింగ్ పాసు స్క్రీన్‌షాట్ చేతిలో ఉండాలి, కొత్తది రాగానే యాప్‌లో పాతది మాయమైపోతుంది.