భుజం నొప్పికి చెయ్యి కట్టేసుకోకండి

బోర్డు పైవరుసలో లెక్క రాస్తుండగా కుడి భుజంలో చురుక్కుమంది. స్టాఫ్‌రూమ్‌లో అందరూ "నరం పట్టేసింది టీచర్" అన్నారు. నేనూ నమ్మి, మూడు వారాలు చెయ్యి కదపకుండా ఉంచాను. దాంతో భుజం ఇంకా బిగుసుకుపోయింది.

అది నరం కాదు. భుజం గూడు చుట్టూ ఉన్న నాలుగు కండరాలు తాళ్లలాంటి టెండన్లతో చేతి ఎముకను పట్టుకుని ఉంటాయి. వాటన్నిటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. అన్నిటికన్నా పైనుండే సుప్రాస్పైనాటస్ టెండనే ఎక్కువగా దెబ్బతింటుంది. చెయ్యి పైకెత్తి పనిచేసే పెయింటర్లకీ, మాలాంటి టీచర్లకీ ఇది మామూలే.

చెయ్యి పక్కకు ఎత్తుతుంటే భుజం ఎత్తు దగ్గర నొప్పి లేస్తుంది. జడ వేసుకోలేం, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోలేం. కానీ ఇంకొకరు ఎత్తినా చెయ్యి లేవకపోతే అది ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలే బిగుసుకుపోవడం) కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో అది ఎక్కువ.

ఫిజియోథెరపిస్ట్ నాకు మొదట నేర్పింది గోడ వ్యాయామం. నొప్పి ఉన్న చెయ్యి గోడ వైపు ఉండేలా నిలబడండి. మోచేతిని 90 డిగ్రీలు వంచి, మడిచిన తువ్వాలును మోచేతికీ నడుముకీ మధ్య పెట్టండి. అరచేతి వెనక భాగాన్ని గోడకు ఆనించి, 10 లెక్కపెట్టేదాకా మెల్లగా నెట్టండి. ఇలా 5 సార్లు, రెండు పూటలా. నొప్పికి 10కి మార్కులు వేస్తే 3 దాటకూడదు, మర్నాటికల్లా మామూలైపోవాలి. అలా అవ్వకపోతే బలం తగ్గించి నెట్టండి. ఇది తేలికయ్యాక సాగే రబ్బరు బ్యాండ్‌తో వ్యాయామం. 12 వారాలైనా పడుతుంది, మధ్యలో మానకండి. నాకు నాలుగు నెలలు పట్టింది.

రాత్రి వెల్లకిలా పడుకుని మోచేతి కింద చిన్న దిండు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది కానీ, పదేపదే వేయించుకుంటే టెండన్ బలహీనపడొచ్చు. స్కానింగ్‌లో "చిరుగు" అని రాగానే టెన్షన్ పడకండి. 60 దాటాక నొప్పే లేనివాళ్లలోనూ చిరుగులు కనిపిస్తాయి.

కింద పడ్డాక చెయ్యి ఎత్తలేకపోతే మాత్రం ఇంట్లో కూర్చోవద్దు. ఆ వారంలోనే ఎముకల డాక్టరుకు చూపించండి. భుజం నొప్పితో పాటు ఛాతీ బరువెక్కి చెమటలు పడితే అది గుండెది కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇప్పుడు బోర్డు ముందు ఒక చెక్క పీట వేయించుకున్నాను. మోచెయ్యి భుజం దాటి పైకి పోకుండా దాని మీదెక్కి రాస్తున్నాను.