విశాఖలో మగవారి ముస్తాబు: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

విశాఖలో మంచి బట్టలు కట్టిన మనిషి కూడా వాడిపోయినట్టు కనిపించడానికి కారణాలు చాలావరకు రెండే. ఒకటి గాలిలోని చెమ్మ, రెండోది ఒంటికి కుదరని కొలత. మగవారి దుస్తుల గురించి పాఠాలు చెప్పేవారు ఎక్కువగా చలిదేశాల అలవాట్లనే వల్లిస్తారు. మూడు పొరల సూట్లు, ఉన్ని కోట్లు, మెడకు మఫ్లర్లు ఉంటాయి కానీ చెమట ఊసే ఉండదు. ఏడాదిలో చాలా రోజులు గాలిలో తేమ 70 శాతం దాటే మన ఊళ్లో ఆ పాఠాలు సగమే పనికొస్తాయి. అందుకే ఇక్కడ మనకు ఎదురయ్యే చిక్కులను, వాటి కారణాలను, ఇంట్లోనో టైలరు దగ్గరో చేయగలిగిన మరమ్మతులను చెబుతున్నాను. బాగుపడని వస్తువైతే ఆ మాటే చెబుతాను.

సమస్య: ఆఫీసుకు చేరేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోతోంది

ఉదయం మద్దిలపాలెంలో బస్సు ఎక్కినప్పుడు మడత నలగని చొక్కా, రుషికొండలో దిగేసరికి తడిగుడ్డలా ఉంటుంది. ముందు చొక్కా లోపలి పట్టీ తిప్పి చదవండి. "ముడత పడదు, ఇస్త్రీ అక్కర్లేదు" అని అమ్మే చొక్కాల్లో చాలావాటిలో పాలిస్టర్ కలుస్తుంది. నూలు తన బరువులో సుమారు 8 శాతం, నార బట్ట అంటే లినెన్ 12 శాతం దాకా గాలిలోని తేమను మామూలుగానే పీల్చుకుంటాయి. పాలిస్టర్ అర శాతం కూడా పీల్చుకోదు. చెమటకు పోయే దారి లేక చర్మానికీ బట్టకూ మధ్య నిలిచిపోతుంది.

నూటికి నూరు పాళ్లు నూలు కొనడంతో పని సగమే అయినట్టు. నేత కూడా చూడాలి. చొక్కాను వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే నేత సందుల్లోంచి వెలుగు సన్నగా కనిపించాలి. దళసరి ఆక్స్‌ఫర్డ్ నేత చూడటానికి దర్జాగానే ఉంటుంది, కానీ మే నెలలో అది శిక్ష. పల్చటి పాప్లిన్, మంగళగిరి నూలు, లినెన్ ఇక్కడికి నప్పుతాయి. ఇంకా మంచిది కావాలంటే ఎంతో దూరం వెళ్లనక్కర్లేదు. పక్కనే శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి, చేత్తో వడికిన నూలుతో సన్నఖద్దరు నేస్తారు. యంత్రం నేత కంటే గాలి బాగా ఆడుతుంది. ఆ గుడ్డ తెచ్చి కొలతకు కుట్టించుకున్న చొక్కా ముందు, అదే ధరకు దొరికే పేరున్న కంపెనీ చొక్కా నా కంటికి ఆనదు. లినెన్, ఖద్దరు ముడత పడతాయి, నిజమే. ఆ ముడత ఆ బట్ట స్వభావం, దానికి సిగ్గుపడాల్సిన పని లేదు. పాలిస్టర్ మీద చెమట మరక మాత్రం ఎవరికీ అందం కాదు.

రంగు సంగతి: లేత నీలం, బూడిద రంగు మీద చెమట తడి ఎంతో దూరానికి కనిపిస్తుంది. తెలుపు, ముదురు నీలం, సన్నని గళ్లు దాన్ని దాచేస్తాయి. చొక్కా లోపల చేతులు లేని బనియన్ వేస్తే చంకల చెమటను ఆపేది ఏదీ ఉండదు, కాబట్టి పొట్టి చేతుల బనియన్ వేయాలి. తెల్ల చొక్కా లోపల తెల్ల బనియన్ గీత కట్టినట్టు బయటికి కనిపిస్తుంది. ఒంటి రంగుకు దగ్గరగా ఉండే బనియన్ అయితే కనిపించదు.

బట్ట మంచిదైనా చొక్కా బిగుతుగా ఉంటే ఫలితం ఒకటే. బొత్తాలు పెట్టుకుని నిలబడి నడుము దగ్గర రెండు పక్కలా పట్టి చూడండి. ఒక్కో వైపు రెండు అంగుళాల బట్ట చేతికి రావాలి. రొమ్ము మీద బొత్తాల మధ్య సందులు తెరుచుకుంటుంటే ఆ చొక్కా మీది కాదు, తమ్ముడికి ఇచ్చేయండి.

సమస్య: చంకల దగ్గర పసుపు మరక, అట్ట కట్టిన బట్ట

అందరూ నింద చెమట మీద వేస్తారు. అసలు దోషం చాలాసార్లు చెమట పట్టకుండా రాసుకునే మందుది. అందులోని అల్యూమినియం లవణాలు చెమటతో కలిసి నూలు పోగుల్లో పేరుకుంటాయి. మరక కనిపించగానే క్లోరిన్ బ్లీచ్ పోసేవారు ఉన్నారు. దానితో పసుపు ఇంకా ముదురుతుంది. మరక ఉండగా ఇస్త్రీ చేస్తే ఆ వేడికి అది మరింత గట్టిగా పట్టేస్తుంది.

తెల్ల నూలు చొక్కాకైతే మందుల దుకాణంలో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కొంచెం, వంట సోడా ఒక చెంచా, గిన్నెలు తోమే ద్రవం నాలుగు చుక్కలు కలిపి ముద్దలా చేయండి. చొక్కా తిరగేసి మరక మీద రాసి, అరగంట ఆగి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది ఉతకండి. పాత మరకకు రెండు మూడుసార్లు చేయాల్సి వస్తుంది. రంగు చొక్కా అయితే ముందు లోపలి అంచు మీద ఒక చుక్క వేసి చూడండి. ఒక జాగ్రత్త తప్పనిసరి: బ్లీచ్‌ను వెనిగర్‌తో ఎప్పుడూ కలపకండి, ప్రమాదకరమైన వాయువు వస్తుంది.

మళ్లీ రాకుండా ఉండాలంటే అల్యూమినియం లేని డియోడరెంట్‌కు మారండి. ఉన్నదే వాడాలనుకుంటే రాసుకున్నది పూర్తిగా ఆరాకే చొక్కా తొడగండి. విప్పిన చొక్కాను ఆదివారం దాకా బుట్టలో కుక్కి ఉంచకండి.

కాలరు లోపలి నల్ల గీత దీనికి చుట్టమే కానీ తేలిగ్గా పోతుంది. అది ఒంటి జిడ్డు. తలకు వాడే షాంపూ కొంచెం రాసి పావుగంట ఉంచి ఉతికితే చాలు.

సమస్య: ఉతికిన చొక్కా వేసుకున్న గంటకే వాసన

ఆషాఢం నుంచి కార్తీకం దాకా ఇంటింటా ఇదే ఫిర్యాదు. బట్ట నెమ్మదిగా ఆరితే అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఆరాక వాసన అణిగి ఉంటుంది, ఒంటి వేడి, చెమట తగలగానే లేస్తుంది. అరతడి బట్టను ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టడం మోసమే, పైకి ఆరినట్టుంటుంది కానీ కుట్ల దగ్గర చెమ్మ అలాగే ఉంటుంది. సబ్బుపొడి ఎక్కువ వేయడం ఇంకో కారణం. బట్టలో మిగిలిపోయిన పొడి మురికిని పట్టి ఉంచుతుంది.

అర బకెట్ గోరువెచ్చని నీళ్లలో అర కప్పు తెల్ల వెనిగర్ పోసి చొక్కాలు అరగంట నానబెట్టి, తర్వాత మామూలుగా ఉతకండి. ముసురు రోజుల్లో బాల్కనీలో ఆరేయడం దండగ. గదిలో ఫ్యాను కింద, చొక్కాకూ చొక్కాకూ జానెడు ఎడం ఉంచి, హ్యాంగర్ మీద ఆరేయండి. పాలిస్టర్‌లో ఈ వాసన మొండిది, ఎంత ఉతికినా తిరిగొస్తుంది. అలాంటి చొక్కాను వదిలేయడమే నయం.

సమస్య: కాలరు మీద బుడగలు

కాలరు బిగువుగా నిలవడానికి లోపల బక్రం అనే గట్టి గుడ్డ ఉంటుంది. చవక చొక్కాల్లో దాన్ని జిగురుతో అంటిస్తారు, ఆ జిగురు వదిలితే బుడగలు లేస్తాయి. ఇస్త్రీతో అణగదొక్కినా ఒక్క పూట నిలుస్తుంది, అంతే. బట్ట బాగుంటే టైలరు దగ్గర కాలరు మార్పించండి. మడత లేని పట్టీ కాలరు పెట్టించుకుంటే అదే చొక్కా ఇంకో రెండేళ్లు దర్జాగా నడుస్తుంది.

సమస్య: ఖరీదైన కోటు, అయినా అద్దెకు తెచ్చినట్టుంది

ఇది కొలత జబ్బు. అద్దం ముందు నిలబడి పైనుంచి కిందికి చూడండి. భుజం కుట్టు మీ భుజం ఎముక దాటి కిందికి జారిందా? అయితే ఆ కోటు దుకాణంలోనే వదిలేయాలి. భుజాన్ని విప్పి కుట్టడం కొత్త కోటు కుట్టినంత పని, మంచి టైలర్లు కూడా వద్దంటారు. మిగతావన్నీ సరిచేయొచ్చు. బొత్తం పెట్టగానే దాని చుట్టూ గుణకారం గుర్తులా ముడతలు లాగుతుంటే నడుము దగ్గర బిగుతు అని అర్థం. లోపల కుట్టు దగ్గర అదనపు బట్ట ఉంటే వదులు చేస్తారు. మెడ వెనక కోటు కాలరు చొక్కా కాలరును వదిలి నిలబడితే అదీ టైలరు పనే. కోటు చేతి కింద చొక్కా మణికట్టు అర అంగుళం కనిపించాలి. చేతులు తగ్గించడం తేలిక, కానీ ముందు బట్ట మిగులు చూడకుండా పెంచుతామని మాట ఇచ్చే దుకాణాన్ని నమ్మకండి.

ఇక పైసా ఖర్చు లేనివి. కొత్త కోటు వెనక చీలిక దగ్గర ఇంటూ ఆకారంలో ఒక దారం వేసి ఉంటుంది. అది రవాణాలో నలగకుండా వేసింది, కత్తిరించేయాలి. చేతి మీద కుట్టిన కంపెనీ పట్టీ కూడా అంతే. ద్వారకానగర్ దుకాణాల్లో కొని తిన్నగా పెళ్లికి వెళ్లేవారి చేతుల మీద ఆ పట్టీ ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. కోటు అడుగు బొత్తం పెట్టకూడదు. టై కొస బెల్టు బకిల్‌ను తాకి ఆగాలి. ప్యాంటు బూటు మీద ఒక్క మడత పడితే చాలు, నాలుగు మడతలు పడితే ఆల్టరేషన్‌కు ఇవ్వండి. ఈ చిన్న పని మనిషిని ఎంత మారుస్తుందో కోటు కూడా మార్చదు.

వైశాఖ, జ్యేష్ఠ మాసాల పెళ్లిళ్లకు పాలిస్టర్ లైనింగుతో వెల్వెట్ షేర్వాణీ కుట్టించే పెళ్లికొడుకులను చూస్తే జాలేస్తుంది. ఆ కాలానికి చదరపు మీటరుకు 250 గ్రాముల లోపు బరువున్న పల్చటి ఉన్ని గాని, లినెన్ గాని తీసుకుని, వీపు వైపు సగం లైనింగు మాత్రమే వేయమని టైలరుకు ముందే చెప్పండి. పల్చటి ఉన్ని ఉక్కపోతలో పాలిస్టర్ కంటే చల్లన. నమ్మబుద్ధి కాకపోతే రెంటినీ పక్కపక్కన తొడిగి చూడండి.

తూర్పు నౌకాదళం కేంద్రం ఉన్న ఊరు మనది. తెల్ల నూలు యూనిఫాం మనిషిని ఎంత హుందాగా నిలబెడుతుందో బీచ్ రోడ్డు మీద నౌకాదళం వేడుకలు జరిగినప్పుడు చూడొచ్చు. అందులో వెల్వెట్టూ లేదు, జరీ లేదు. కొలత ఉంది, శుభ్రం ఉంది.

సమస్య: పెళ్లి మండపంలో బూటు అడుగు పొడిపొడిగా రాలిపోయింది

దాదాపు కొత్త బూట్లే, రెండుసార్లు వేసి పెట్టెలో దాచినవి. మూడేళ్ల తర్వాత తీసి నాలుగు అడుగులు వేయగానే నల్లటి ముక్కలు నేల మీద రాలతాయి. మడమ ఒక చోట, మనిషి ఒక చోట. అందరూ జిగురు వదిలిందనుకుంటారు. అసలు సంగతి వేరు: తేలికగా, మెత్తగా ఉండే ఆ అడుగు పాలీయురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్. గాలిలోని తేమతో చర్య జరిగి అది ఏళ్ల తరబడి లోపల్లోపలే విరిగిపోతుంది. వాడకపోయినా విరుగుతుంది. మూసిన పెట్టెలో చెమ్మ నిలిస్తే ఇంకా తొందరగా విరుగుతుంది. సముద్రపు ఒడ్డున ఉన్నవారికి ఇది తెలిసి ఉండాల్సిన విషయం.

శుభకార్యానికి వారం ముందే బూట్లు తీసి అడుగును బొటనవేలితో గట్టిగా నొక్కండి. జిగటగా ఉన్నా, పగుళ్లు కనిపించినా, పొడి రాలినా జిగురుతో లాభం లేదు. పైభాగం మంచి తోలైతే రబ్బరు అడుగు కొత్తగా వేయించండి. కొత్తవి కొనేటప్పుడు రబ్బరు లేదా తోలు అడుగు ఉన్నవే అడగండి. రెక్సిన్ బెల్టు మీద పొర పొలుసుల్లా ఊడేదీ చాలాసార్లు ఇదే జబ్బు. దానికి మందు లేదు, ఒకే ముక్క తోలుతో చేసిన బెల్టు కొనండి.

తోలుకు మాత్రం బూజు బెడద. తెల్లటి బూజు కనిపిస్తే ఇంట్లో దులపకండి, బయటికి తీసుకెళ్లి పొడి బ్రష్‌తో దులిపి, వెనిగర్, నీళ్లు సమంగా కలిపిన గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి క్రీము పాలిష్ పట్టించండి. ఎండలో పెడితే తోలు పగులుతుంది. ఒకే జత రోజూ వేయకుండా రెండు జతలు మార్చి వేసి, విప్పాక లోపల పాత పేపరు కుక్కండి. బీరువాలో కలరా ఉండలు వేసి నిశ్చింతగా ఉండేవారికి ఒక మాట: అవి పురుగులకే, బూజుకు కావు. బీరువాను గోడకు ఆనించకుండా కొంచెం జరపండి, చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టండి, డ్రైక్లీనింగ్ ప్లాస్టిక్ కవరు తీసేసి పాత నూలు పంచె కప్పండి. గంజి పెట్టిన బట్టలను వానాకాలానికి దాచకండి.

సమస్య: బొత్తం పక్కన, కాలరు కింద తుప్పు మరక

ఉప్పుగాలికి ఇనుము ఆగదు. కొత్త చొక్కా మడతల్లోని గుండుసూదులు, ఇనుప హ్యాంగర్లు ఈ మరక పెడతాయి. కొన్న రోజే సూదులు తీసేయండి. మరక పడితే నిమ్మరసం, ఉప్పు రాసి గంటసేపు ఎండలో ఉంచి కడగండి. తుప్పు మీద కూడా బ్లీచ్ పనికిరాదు. బెల్టు కొనేటప్పుడు బకిల్‌కు చిన్న అయస్కాంతం ఆనించి చూడండి. అంటుకుంటే చాలావరకు లోపల ఇనుమే. ఇత్తడికి అంటుకోదు, చిలుము పట్టినా చింతపండుతో తోమితే మెరుస్తుంది. పట్టేసిన జిప్పు మీద కొవ్వొత్తి రుద్దండి.

సమస్య: పంచె నడుం మీద నిలవదు

చందనోత్సవం రోజు సింహాచలం క్యూలో ఒక చేత్తో పంచె పట్టుకుని నడిచేవారు కనిపిస్తారు. పట్టు పంచెను జారుడు బట్ట లోదుస్తుల మీద కడితే నిలవదు. లోపల నూలు నిక్కరు ఉండాలి. కట్టు పొట్ట కింద వేస్తే నడిచేకొద్దీ జారుతుంది, బొడ్డు మట్టానికి వేయాలి. రెండు మీటర్ల ఒంటి పంచె లావైన నడుముకు చాలదు, నాలుగు మీటర్లది తీసుకోండి. కుచ్చెళ్లు దోపే ముందు లోపలి కొసను ఒకసారి మెలిపెట్టి, కుచ్చెళ్ల మీద నుంచి వెడల్పాటి గుడ్డ బెల్టు బిగించి, లాల్చీ దించేస్తే బయటికి కనిపించదు. అంచు చీలమండ దగ్గర ఆగాలి, మెట్లెక్కేటప్పుడు కాలి కింద పడకూడదు. కండువా జారే చోట లాల్చీ లోపలి వైపు నుంచి ఒక పిన్నీసు పెట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.