సిక్కోలు తీరం మూడున్నర రోజుల్లో: ఏ ఊరు ఏ పూట చూడాలి

మ్యాప్‌లో శ్రీకాకుళం జిల్లా తీరం ఒక్క గీతలా కనిపిస్తుంది. నేల మీద అలా ఉండదు. నాగావళి, వంశధార, మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటల్లా దారి తెగుతుంది. కళింగపట్నం నుంచి బారువకి తీరం వెంటే పోదామని బయల్దేరితే చివరికి వెనక్కి తిరిగి 16వ నంబరు హైవే ఎక్కాల్సిందే. ఈ జిల్లా రోడ్లు దువ్వెన లాంటివి. హైవే వెన్ను, సముద్రం వైపు దిగే రోడ్లు పళ్లు. ఒక పన్ను చివరిదాకా వెళ్లి, వెన్ను మీదకొచ్చి, ఇంకో పన్ను పట్టుకోవాలి. అందుకే ఊళ్లని దూరాన్ని బట్టి కాకుండా ఏటికి ఏ ఒడ్డున ఉన్నాయో, ఏ పూట చూడాలో చూసుకుని వరస కట్టాలి.

ముందు నెల సంగతి. నవంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు మొదటివారంలో అరసవల్లి సూర్యకిరణాలు, దసరా తర్వాత మంగళవారం విజయనగరం సిరిమానోత్సవం కలిసొస్తాయని చాలామంది ఆ నెలకే టికెట్లు తీస్తారు. కానీ ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న ఈ చుట్టుపక్కలే తీరం దాటాయి. ఆ నెలలోనే రావాలనుకుంటే రద్దు చేసుకోగలిగిన టికెట్లే తీయండి, బారువ వైపు వెళ్లే రోజుని చివరికి పెట్టుకోండి.

రైలు స్టేషన్ల పేర్లు కొత్తవాళ్లని తికమక పెడతాయి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, పట్నానికి 13 కిలోమీటర్ల అవతల. సోంపేట స్టేషన్ ఉన్నది కంచిలిలో. రాత్రి పొద్దుపోయాక దిగేవాళ్లు ఆటోకి అయ్యే ఖర్చూ సమయమూ లెక్కలో వేసుకోవాలి. బస శ్రీకాకుళంలో రెండు రాత్రులు, పలాసలో ఒకటి చాలు. కారు అద్దెకి తీసుకుంటే రోజుకి ఎన్ని కిలోమీటర్లు కలిపి ఇస్తున్నారో, ఆపైన కిలోమీటరుకి ఎంతో, డ్రైవరు బత్తా ఎంతో ముందే తేల్చుకోండి. మొదటిరోజు సుమారు 70 కిలోమీటర్లు అవుతుంది, రెండోరోజు 120, మూడోరోజు 150 దాటుతుంది. మూడు రోజులకీ ఒకే రేటు మాట్లాడుకుంటే మొదటిరోజు డబ్బు వృథా. ఆ ఒక్కరోజు ఆటోతోనూ గడిచిపోతుంది.

మొదటిరోజు: వంశధారకి దక్షిణపు ఒడ్డు

అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం, నాలుగూ ఏటికి ఇవతలే. ఈ వరసనే వెళ్లాలి, తిరగేస్తే ఎండకి చిక్కుతారు.

అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడికి తెల్లారేసరికి చేరాలి. ఆదివారం తప్ప ఏ రోజైనా మంచిదే. ఆదివారాల్లో, అందులోనూ మాఘమాసంలో, క్యూలోనే పూట గడిచిపోతుంది. ఉదయకిరణాలు స్వామి పాదాల మీద పడేది ఏడాదికి రెండు విడతలే, మార్చి 9, 10 తేదీల దగ్గర, అక్టోబరు 1, 2 తేదీల దగ్గర. అదీ కొన్ని నిమిషాలే. మబ్బు పడితే అంతే సంగతులు. కిరణాల కోసమే వస్తే ఒక రోజుతో సరిపెట్టకుండా రెండు ఉదయాలు చేతిలో ఉంచుకోండి.

శ్రీకూర్మానికి తొమ్మిదిన్నర లోపు చేరుకుంటే మధ్యాహ్నం తలుపులు వేసేలోపు తీరిగ్గా రెండు గంటలు దొరుకుతాయి. దర్శనం చేసుకుని వెంటనే వెనుదిరిగేవాళ్లే ఎక్కువ, కానీ చూడాల్సింది ప్రదక్షిణ మండపంలో ఉంది. కూర్మనాథుడు పడమటి ముఖంగా ఉంటాడు. అందుకే తూర్పున ఒకటి, పడమట ఒకటి రెండు ధ్వజస్తంభాలు. మండపం స్తంభాల మీద శాసనాలు చెక్కి ఉన్నాయి. మధ్వ సంప్రదాయానికి చెందిన నరహరితీర్థులు ఇక్కడ యోగానంద నరసింహుడి గుడి కట్టించినట్టు చెప్పే 1281 నాటి శాసనం వాటిలో పేరున్నది. అక్షరాలు కనబడాలంటే టార్చిని ఎదురుగా కొట్టకూడదు. స్తంభానికి పక్కగా, రాతికి దాదాపు ఆనించినట్టు పట్టుకుంటే గాట్లలో నీడ పడి అక్షరం లేస్తుంది. గోడల మీది రంగుల బొమ్మలకి మాత్రం టార్చి వద్దు, ఫ్లాష్ అసలే వద్దు. చాలాభాగం ఇప్పటికే వెలిసిపోయాయి. వేలితో తడమడం ఇంకా చేటు. గుడి వెనక నక్షత్ర తాబేళ్లు ఉంటాయి. వాటికి బిస్కెట్లు పెట్టకండి, అవి తినేది ఆకుకూరలు. శ్వేత పుష్కరిణి దగ్గర పితృకార్యాలు జరుగుతుంటాయి కాబట్టి అటువైపు కెమెరా దించేసి నడవడం మర్యాద.

భోజనం చేసి ఎండ తగ్గేదాకా ఆగండి. శాలిహుండం కొండ మీద నీడ దాదాపు లేదు. మూడున్నరకి ఎక్కితే దిగేసరికి వెలుగు ఉంటుంది. మనిషికి లీటరు నీళ్లు కింద నుంచే తీసుకెళ్లాలి. పైన ఉన్నవి పాత బౌద్ధ కట్టడాల ఇటుక పునాదులే. చూడటం తెలియకపోతే పది నిమిషాల్లో ‘ఇంతేనా’ అనిపిస్తుంది. ముందు గుండ్రని కట్టడాలు వెతకండి, అవి స్తూపాలు. ఒకవైపు గుండ్రంగా తిరిగి మరోవైపు తిన్నగా ఉన్నవి చైత్యగృహాలు, అంటే బౌద్ధుల ప్రార్థనామందిరాలు. స్తూపం అడుగున బండిచక్రంలా ఆకులు కనిపించిన చోట కాసేపు నిలబడండి. మధ్యలో ఇరుసు, చుట్టూ ఆకుల్లా గోడలు, వాటి నడుమ మట్టి. మొత్తం ఇటుకతో నింపే ఖర్చు తప్పుతుంది, మట్టి పక్కలకి జారకుండా గోడలు పట్టి ఉంచుతాయి. ఇక్కడ దొరికిన తార, మారీచి విగ్రహాలు తర్వాతి కాలపు బౌద్ధశాఖ వజ్రయానానివి. అంటే ఒకే కొండ మీద వెయ్యేళ్లకి పైగా బౌద్ధం రూపాలు మార్చుకుంటూ నిలిచింది. 1919లో ఈ చోటుని వెలుగులోకి తెచ్చింది వాడుకభాషా ఉద్యమకారుడు గిడుగు వేంకటరామమూర్తి. గోడలెక్కి ఫొటో దిగొద్దు, పై వరస ఇటుకలు కదిలిపోతాయి.

అక్కడి నుంచి కళింగపట్నం పది కిలోమీటర్లు. పాత రేవు, లైట్‌హౌస్, మదీనా సాహెబ్ దర్గా, వంశధార సంగమం గంటన్నరలో అయిపోతాయి. సంగమం దగ్గర నీళ్లలోకి దిగకూడదు. ఏటి ఉరవడీ ఆటుపోట్లూ ఎదురెదురుగా తగిలి కాలికింద ఇసుక ఒక్కసారిగా లోతుకి జారిపోతుంది. పైకి నీళ్లు నిమ్మళంగా కనిపించినా నమ్మకండి.

రెండోరోజు: ఏరు దాటి ముఖలింగం

శ్రీకాకుళం నుంచి హైవే మీద మడపాం దగ్గర వంశధార దాటి, నరసన్నపేట, చల్లవానిపేట, జలుమూరు మీదుగా 46 కిలోమీటర్లు. ఇది సముద్రం ఒడ్డున లేదు కదా అని వదిలేసేవాళ్లున్నారు, అది పొరపాటు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదే. కళింగపట్నం ఈ ఏటి చివర రేవు. రేవు చూసి రాజధాని చూడకపోతే సగమే చూసినట్టు.

మూడు గుళ్లున్నాయి, వాటిని సోమేశ్వరంతో మొదలుపెట్టండి. ముందు మండపం లేకుండా గర్భగుడీ శిఖరమూ మాత్రమే ఉంటాయి కాబట్టి కళింగ కట్టడం స్వరూపం ఇక్కడ తేలిగ్గా బోధపడుతుంది. దక్షిణాది విమానం అంతస్తులు అంతస్తులుగా పేర్చినట్టుంటుంది. ఇక్కడి శిఖరం ఒకే ఒంపుతో పైకి లేచి, తలమీద ఉసిరికాయలా గాట్లు తీరిన రాతిచక్రంతో ముగుస్తుంది. ఇది చూశాక మధుకేశ్వరం దగ్గర కళ్లు వాటంతటవే పనిచేస్తాయి. మధుకం అంటే ఇప్పచెట్టు, స్వామి ఆ చెట్టు మొదట్లో వెలిశాడని స్థలపురాణం. మధుకేశ్వరంలో ద్వారబంధాలకి కనీసం అరగంట ఇవ్వండి. లతల మెలికల నడుమ వేలెడంత బొమ్మలు దాక్కుని ఉంటాయి. పొద్దున పదింటి లోపు ఏటవాలు వెలుతురులో అవి తేలతాయి, నడినెత్తిన ఎండలో చదునుగా కనిపిస్తాయి. భీమేశ్వరానికి పావుగంట చాలు. శివరాత్రి తర్వాతి చక్రతీర్థ స్నానానికి ఒడిశా నుంచి కూడా జనం వస్తారు. శిల్పాల కోసమైతే ఆ వారం వద్దు.

గిడుగు పుట్టిన పర్వతాలపేట ఈ పక్కనే. శాసనాలు చదవడం ఆయన సొంతంగా నేర్చుకున్నది ముఖలింగం గోడల మీదే.

తిరుగుదారిలో సారవకోట మండలం బుడితి కలుపుకోండి. ఇత్తడి, కంచు రెండూ ఇక్కడ చేస్తారు. రాగిలో జింకు కలిపితే ఇత్తడి, తగరం కలిపితే కంచు. వేలితో మీటితే కంచు చాలాసేపు మోగుతుంది, ఇత్తడి త్వరగా ఆగిపోతుంది. ఇత్తడి గిన్నె వంటకి కొంటే లోపల కళాయి ఉందో లేదో చూడండి. లేకపోతే పులుసు కాచిన రోజే చిలుము పడుతుంది.

మూడోరోజు: ఉత్తరానికి

ఇది కారు రోజు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు శీతాకాలమంతా ఉంటాయి. ఉదయం ఎనిమిది లోపు చేరి, మాట తగ్గించుకుని అరగంట చూస్తే చాలు. పక్కనే నౌపడ ఉప్పుమళ్లు ఎండాకాలంలోనే చూడదగ్గవి, వానలు పడితే చెరువులే. పర్లాకిమిడి రాజా 1900లో వేయించిన చిన్నరైలు మొదలయింది నౌపడలోనే.

మందసలో వాసుదేవ పెరుమాళ్ గుడి మధ్యాహ్నం మూసేలోపు చూసుకోవాలి. ముఖలింగం చూసి వచ్చిన కళ్లకి ఆ శిఖరం పాత చుట్టంలా కనిపిస్తుంది. మందస కోవా వేడిగా ఉండగానే డబ్బాలో మూసేస్తే ఆవిరి పట్టి సాయంత్రానికి పులుస్తుంది. చల్లారాక కట్టించుకుని మర్నాటికల్లా తినేయాలి, విశాఖ దాటించే ఆలోచన వద్దు. సాయంత్రం బారువలో కోటిలింగేశ్వరుడి గుడి, మహేంద్రతనయ సంగమం. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. చీకటిపడ్డాక ఇసుక మీద ఫోను లైట్లు వేయకండి, వెలుగుకి బెదిరి గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతాయి.

చివరి పూట: పొందూరు

తిరుగు రైలుకి ముందు సగం రోజు మిగుల్చుకోండి. పొందూరు సన్నఖద్దరుకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నని పళ్లు పోగుని తెంచకుండా చెత్తని తీసేస్తాయి. వడికేది ఎక్కువగా ఆడవాళ్లు, వాళ్ల ఇళ్ల దగ్గరే. అడిగి, ఒప్పుకుంటేనే లోపలికి వెళ్లండి. బట్ట కొనేటప్పుడు వెలుతురుకి ఎదురుగా పట్టి చూడాలి. చేత్తో వడికిన నూలులో అక్కడక్కడ పోగు లావూ సన్నమూ అవుతుంది. అంతా ఒకే కొలతలో ఉంటే మిల్లు నూలు. ఇంటికొచ్చాక మొదటిసారి చన్నీళ్లలో విడిగా నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేయండి.